తాతగారి వాల్వు రేడియో: బాగుచేయించిన 12 రోజులకే చెడిపోతే ఎవరిది బాధ్యత?

ప్రశ్న: మా తాతగారు 1958లో కొన్న వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసేది) చాలా ఏళ్లు అటక మీదే ఉండిపోయింది. హైదరాబాద్‌లో పాత రేడియోలు బాగుచేసే ఒక దుకాణంలో ఇచ్చి, 18,500 రూపాయలు ఫోన్‌లో చెల్లించాను. మూడు నెలలకు చేసిచ్చారు. 12 రోజులు చక్కగా పాడింది. తర్వాత గుయ్యిమని హమ్ మొదలైంది, మాట బొంగురుపోయింది, ఒక వాల్వు లోపల రేకు ఎర్రగా కాలి మాడు వాసన వచ్చింది. మ్యాజిక్ ఐ (స్టేషన్ సరిగా కుదిరిందో లేదో చూపే పచ్చటి దీపం) కూడా సరిగా వెలగడం లేదు. తిరిగి తీసుకెళ్తే ‘అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వు నుంచి స్పీకరుకు శబ్దం అందించే భాగం) కాలిపోయింది, ఇంకో 7,000 అవుతుంది. పాత సామానుకు గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది కదా’ అన్నారు. ఆ డబ్బు కట్టేదాకా రేడియో ఇవ్వరట. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఒక పని ఈరోజే చేయండి. ‘నా రేడియోను ఉన్నది ఉన్నట్టు ఉంచండి, నా అనుమతి లేకుండా విప్పవద్దు, ఏ భాగమూ మార్చవద్దు’ అని ఆ దుకాణానికి వాట్సాప్‌లో రాసి, అదే మాట స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఎందుకంటే మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ రేడియో పొట్టలోనే ఉంది. వాళ్లు మళ్లీ చేయి పెడితే ఆ సాక్ష్యం పోతుంది.

డబ్బు తీసుకుని రిపేరు చేయడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ‘సేవ’ కిందికి వస్తుంది. ఆ సేవలో లోపం ఉంటే మీరు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు మీద గ్యారంటీ లేదని అచ్చువేసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యంగా చేసిన పనికి బాధ్యత తప్పదు. గ్యారంటీ వేరు, శ్రద్ధగా పనిచేయాల్సిన బాధ్యత వేరు. అరవై ఏళ్లు దాటిన రేడియో పదేళ్లు పాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అడగడమూ న్యాయం కాదు. కానీ డబ్బు తీసుకుని పెట్టె తెరిచినవాడు చూడాల్సినవి చూశాడా లేదా అన్నది తప్పకుండా అడగవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ‘12 రోజులకే పాడైంది కాబట్టి తప్పు వాళ్లదే’ అంటే సరిపోదు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారుడేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టం చేసింది. అంటే రేడియో ఎందుకు చెడిందో తేల్చుకోవడమే మీ కేసు. సెక్షన్ల సంగతి ఆ తర్వాతే.

వాల్వు రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన నా కళ్ల ముందే ఒకసారి చేసి చూపించిన పరీక్ష చెబుతాను. మీరు రాసిన లక్షణాలకు అది సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి సెట్లలో ముందు దశ నుంచి అవుట్‌పుట్ వాల్వు (స్పీకరును నడిపే వాల్వు) గ్రిడ్‌కు, అంటే శబ్దం అందుకునే కొసకు, శబ్దాన్ని అందించి డీసీ వోల్టేజిని ఆపే చిన్న కండెన్సర్ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో అది మైనం పట్టించిన కాగితంతో చేసింది. ఏళ్లు గడిచేకొద్దీ అది లీకవుతుంది. అప్పుడు గ్రిడ్ మీదికి రాకూడని పాజిటివ్ వోల్టేజి వస్తుంది, వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది, లోపలి రేకు ఎర్రబడుతుంది. చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆయన మల్టీమీటర్ ముల్లు గ్రిడ్ పిన్నుకు ఆనించారు. సున్నా దగ్గర ఉండాల్సిన చోట కొన్ని వోల్టులు చూపించింది. తర్వాత కండెన్సర్ ఒక కాలు ఊడదీసి మళ్లీ చూశారు. వోల్టేజి పోయింది. అంటే దోషం కండెన్సర్‌దే. అప్పుడూ పోకుండా నిలిచి ఉంటే వాల్వే చెడిందన్నమాట.

ఈ ఒక్క పరీక్ష మీద మీ కేసు చాలావరకు ఆధారపడుతుంది. దోషం పాత కాగితపు కండెన్సర్‌దని తేలితే, దాన్ని మార్చకుండా వదిలేసిన దుకాణం జవాబు చెప్పాలి. పాత వాల్వు రేడియో బాగుచేసేటప్పుడు మొదట మార్చేవాటిలో అదొకటని ఈ పని తెలిసిన ఎవరైనా చెబుతారు. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలడం కూడా ఆ తప్పు వల్లే జరిగింది కాబట్టి, ఆ 7,000 మిమ్మల్ని అడగడం అన్యాయం. వాల్వే చెడిందని తేలి, అది వాళ్లు కొత్తగా వేసిందైతే అప్పుడూ బాధ్యత వాళ్లదే. తాతగారి నాటి వాల్వే అయితే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది.

హమ్ సంగతీ అంతే. పవర్ సప్లయిలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్లు చెడితే ఆ మోత వస్తుంది. అవి మార్చినట్టు బిల్లులో ఉందా? మార్చకుండా మార్చామని రాసినా, నాసిరకంవి వేసినా అది బలమైన పాయింటు. రేడియో వెనక వోల్టేజి ఎంచుకునే స్విచ్చు ఎక్కడ పెట్టి ఉందో కూడా చూపించమనండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. దాన్ని 200 దగ్గర వదిలేస్తే వాల్వులన్నీ అదనపు వోల్టేజి భరించాల్సి వస్తుంది. మ్యాజిక్ ఐ గురించి మాత్రం ఫిర్యాదులో రాయకండి. అది వాడకంతో దానంతటదే మసకబారుతుంది. నిలబడని ఆరోపణ ఒకటి కలిస్తే నిలబడేవాటి మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

ఇక రేడియో ఇవ్వకపోవడం గురించి. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం మీరు రేడియోను రిపేరుకు అప్పగించడం బెయిల్‌మెంట్ (పని అయ్యాక తిరిగి ఇచ్చే షరతు మీద వస్తువును అప్పగించడం). సెక్షన్ 151 ప్రకారం దుకాణదారు దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలి. సెక్షన్ 160 ప్రకారం పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. చేసిన పనికి రావాల్సిన కూలి అందేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు సెక్షన్ 170 ఇస్తుంది, నిజమే. కానీ ఒప్పుకున్న 18,500 మీరు పూర్తిగా కట్టేశారు. మీరు ఒప్పుకోని, వాళ్లు ఇంకా చేయని పనికి 7,000 అడుగుతూ రేడియోను పట్టుకుని కూర్చోవడానికి ఆ సెక్షన్ పనికిరాదు. అలాగే తీసేసిన పాత వాల్వులు, పాత భాగాలు కూడా మీవే. వాటినీ అడిగి తీసుకోండి.

కోపంతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని నేను చెప్పను. నమ్మి అప్పగించిన వస్తువును దురుద్దేశంతో కాజేస్తేనే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 వర్తిస్తుంది. డబ్బు గొడవను అందులోకి లాగితే కాలం వృథా అవుతుంది.

15 రోజుల గడువుతో నోటీసు పంపండి. రేడియో, పాత భాగాలు తిరిగి ఇవ్వాలని, లోపం ఉచితంగా సరిచేయాలని లేదా డబ్బు వాపసు ఇవ్వాలని అందులో అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి. కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. దుకాణం హైదరాబాద్‌లో ఉందని మీరు అక్కడిదాకా తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు 2019 చట్టం ఇచ్చింది, కాబట్టి మీ జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. కేసు తేలేలోపు రేడియోను మీకు అప్పగించాలని, లేదా నిపుణుడితో పరీక్ష చేయించాలని మధ్యంతర ఉత్తర్వు కూడా కోరండి. బిల్లు, చెల్లింపు వివరాలు, వాట్సాప్ సంభాషణ, ఆ 12 రోజుల్లో తీసిన వీడియో ఏదైనా ఉంటే అదీ జతచేయండి. తాతగారి నాటి రేడియో లైసెన్సు పుస్తకం (అప్పట్లో రేడియో ఉంచుకోవడానికి పోస్టాఫీసులో తీసుకునేది), పోస్టాఫీసు ముద్రలతో ఇంకా ఇంట్లో ఉంటే, ఆ సెట్టు మీ కుటుంబానిదేనని చెప్పడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు.

తాతగారి జ్ఞాపకం కదా, దానికి విలువ కట్టరా అని మీరు అడగవచ్చు. మానసిక వేదనకు పరిహారం అడిగే హక్కు మీకుంది. మా నాన్నగారు వార్తలు విన్న రేడియో ఈనాటికీ నా గదిలో ఉంది కాబట్టి మీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా పెద్ద మొత్తం ఆశించవద్దు. మీరు కట్టిన 18,500, వేరేచోట సరిచేయించడానికి అయ్యే ఖర్చు, దానికి నిపుణుడు ఇచ్చిన అంచనా కాగితం, వీటి మీదే గట్టిగా నిలబడండి.

రేడియో తిరిగి తీసుకునే రోజున దుకాణంలో ‘ఇదిగో చూడండి, పాడుతోంది’ అని ప్లగ్గు పెట్టబోతే వద్దనండి. ఇంటికి తెచ్చాక మీరూ పెట్టవద్దు, వెనక అట్ట విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కండెన్సర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉండవచ్చు. నలువైపులా ఫొటోలు తీసి, వాల్వు రేడియోల పని తెలిసిన మరో మెకానిక్‌కు చూపించి, ఏ భాగంలో ఏం కనిపించిందో తేదీ, సంతకంతో రాయించుకోండి.