పంజరం తలుపు తీసేస్తే చిలుక బతుకుతుందా?

ఎనిమిదేళ్లుగా ఇంట్లో ఉన్న రామచిలుకను వదిలేయాలా, ఉంచుకోవాలా అని అడిగారు. చిలుక ఉండాల్సింది చెట్టు మీదే, అందులో నాకు అనుమానం లేదు. అలాగని మీ చిలుకకు రేపు పొద్దున్నే తలుపు తీసేస్తే మాత్రం దాన్ని చంపినట్టే.

మా మేనత్త ఇంట్లో రామచిలుక ఉండేది. మెడ చుట్టూ ఎర్ర గీత వచ్చాకగానీ అది మగదని తెలియలేదు. అచ్చం మామయ్య గొంతుతో "ఎవరూ?" అనేది. పాలవాడు రోజూ మోసపోయి జవాబు చెప్పేవాడు. పొద్దుగూకే వేళ డాబా మీదుగా చిలుకల గుంపు అరుచుకుంటూ వెళ్లేది. అప్పుడు మాత్రం మావాడు నేర్చిన మాటలన్నీ మర్చిపోయి, కమ్మీలు పట్టుకుని వాటి గొంతుతోనే అరిచేవాడు. ఇంట్లోవాళ్లు అల్లరి అనేవారు. బయట చిలుక ఒంటరిగా బతకదు. మేత, నిద్ర, డేగ వచ్చిందన్న కబురు అన్నీ గుంపుతోనే. ఎన్ని జామకాయలు పెట్టినా ఆ లోటు మనం తీర్చలేం.

బయట బతుకు హాయిగా ఉంటుందనీ అనను. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో కాపలా కాసే రైతును అడగండి, చిలుకలంటే ఎంత ప్రేమో చెబుతాడు! డేగలు, పిల్లల కోసం తొర్రల్లో దూరే పాములు సరేసరి. వీటినుంచి తప్పించుకోవడం పిల్లచిలుక గుంపును చూసి నేర్చుకోవాలి. ఈకలు రాకముందే తొర్రలోంచి తీసి అమ్మేసిన పిల్లకు ఎవరు నేర్పుతారు? అత్తయ్య పక్కింటివాళ్లు ఏకాదశి నాడు పుణ్యమని తమ చిలుకను వదిలారు. కత్తిరించిన రెక్కలతో ప్రహరీగోడ దాకా వెళ్లగలిగింది. కాకులు చుట్టుముట్టాయి. అంతే.

లండన్ పార్కుల్లో మన రామచిలుకలే వేలల్లో ఉన్నాయి, అవీ పంజరాల్లోంచి బయటపడ్డవాటి సంతతే కదా అంటారు. నిజమే. కానీ మనకు కనిపించేది బతికి బట్టకట్టినవే, పోయినవాటిని ఎవరు లెక్కపెట్టారు?

ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం నేరం. చిలుకను బంధించిన పాపానికే రామదాసుకు పన్నెండేళ్ల చెర అని కథ చెప్పుకునే మనమే, రోడ్డు పక్కన కూర్చుని చిలుక జోస్యం చెప్పించుకుంటాం!

అత్తయ్య కొడుకు దగ్గరికి మారేటప్పుడు అటవీశాఖవాళ్లకు ఫోన్ చేశాం. కేసు పెడతారేమోనని టెన్షన్ పడ్డాంగానీ, మా అంతట మేమే అప్పగిస్తున్నట్టు కాగితం రాయించుకుని తీసుకెళ్లారు. పెద్ద వలగదిలో మిగతా చిలుకలతో ఉంచారు. మొదట్లో వాటికి భయపడి మూలన కూర్చునేదట. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చాక బాగానే ఎగిరింది. అయినా బయటికి వదల్లేదు. మనిషి కనిపిస్తే చాలు, దిగివచ్చి "ఎవరూ?" అంటుందట. ఇలాంటిది మళ్లీ ఎవరి పంజరంలోనో తేలుతుందన్నాడు అక్కడి ఉద్యోగి. నాకది సబబుగానే అనిపించింది. దానికి అడవి దక్కకపోయినా తోడు దొరికింది.

లవ్‌బర్డ్స్ అని మనం పిలిచే ఆస్ట్రేలియా బడ్జీల్లాంటివైతే వదిలే మాటే వద్దు. అవి ఎన్నో తరాలుగా పంజరాల్లో పుట్టినవి, ఇది వాటి దేశమూ కాదు. వాటికి పెద్ద గూడు, జత చూడండి.

మీరైతే ముందు అటవీశాఖతో మాట్లాడండి. ఈలోగా రెక్కలు కత్తిరించకండి. పొద్దుతిరుగుడు గింజలే పెడుతుంటే తగ్గించి మొలకలు, ఆకుకూర, పచ్చిమిర్చి అలవాటు చేయండి. చాక్లెట్, అవకాడో అసలు వద్దు, చిలుకలకు అవి విషం. అప్పగించేటప్పుడు అది ఏం తింటుందో, దేనికి జడుస్తుందో ఒక కాగితం మీద రాసివ్వండి.