ఎక్కేటప్పుడు మూడో సిలిండరే ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న: మిత్రులం కలిసి రెండు సీట్ల కిట్ విమానం కట్టుకున్నాం. ఇంజన్ లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్, కార్బురేటర్‌ది. 65 నాట్స్‌తో ఎక్కుతుంటే మూడో సిలిండర్ హెడ్ 225 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది. మిగతావి 200 దగ్గర ఆగుతున్నాయి. కౌలింగ్ (ఇంజన్ మీది మూత) ముందు రంధ్రాలు పెద్దవి చేయమంటారా సార్?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వాటి జోలికి ఇప్పుడే పోకండి. మూడు సిలిండర్లు 200 దగ్గరే ఉన్నాయంటే వచ్చే గాలి చాలుతోంది, మూడోదాని వేడి వదిలే పలకల, అంటే ఫిన్‌ల మధ్యకే చేరడం లేదు. కింది నుంచి గాలి బయటికి పోలేకపోతే ముందు ఎంత తెరిచినా అది అంచు మీదుగా పక్కకు జారిపోతుంది.

ఈ ఇంజన్‌లో మూడోది కుడివైపు వెనకది. దాని వెనక పక్క ఫిన్‌ల లోతు తక్కువ. గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే బ్యాఫిల్ రేకు అక్కడ హెడ్‌కు ఆనుకుంటే గాలికి దారే ఉండదు. రేకు విప్పి, బోల్టు దగ్గర వాషర్లు వేసి మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు ఇవ్వండి. ఎడమవైపు ముందున్న రెండోదానికి ముందు పక్క ఇదే ఇబ్బంది, అదీ చూసుకోండి. ఫిన్‌ల మధ్య పోత పోసినప్పటి లోహపు పొర మిగిలి ఉంటే సన్నని ఆకురాయితో తీయండి, ఫిన్‌కు గాటు పడకూడదు.

తర్వాత లీకులు. అసలు పని ఇక్కడే ఉంది. చీకటి పడ్డాక కౌలింగ్ మూసి, ఇంజన్ పైభాగాన చిన్న బల్బు వెలిగించి, గాలి బయటికి పోయే దారిలోంచి పైకి చూడండి. ఫిన్‌ల సందుల్లో కాక ఇంకెక్కడ వెలుతురు కనిపించినా అది లీకే. రేకుల అతుకులను హై-టెంపరేచర్ సిలికాన్‌తో పూడ్చండి. రబ్బరు పట్టీలు ముందుకు, లోపలికి వంగి ఉండాలి. అప్పుడే గాలి ఒత్తిడి వాటిని కౌలింగ్‌కు అదుముతుంది. సిలిండర్ల మధ్య కిందివైపు వచ్చే చిన్న రేకులు బిగించారా? చాలామంది మరిచిపోయేవి అవే.

ఇక వేగం. మన ఎండలకు 65 నాట్స్ చాలదు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 80 నాట్స్‌కు అది ఒకటిన్నర రెట్లు. 42 డిగ్రీల మధ్యాహ్నం నల్లగొండ గాలి వెయ్యి మీటర్లకు పైన ఎత్తులో ఉండేంత పల్చన. చల్లార్చే శక్తి తగ్గుతుంది, ఎక్కడానికి పట్టే సమయం పెరుగుతుంది. అడ్డంకులు దాటగానే ముక్కు దించి 85–90 నాట్స్ పట్టండి. 205 డిగ్రీలు దాటితే ఇంకా దించండి, 220కి వస్తే లెవెల్ చేయండి. గరిష్ఠ పరిమితి 260 అయినా, ఇంజన్ మన్నాలంటే 224 లోపు ఉంచమని లైకమింగే చెబుతుంది. థ్రాటిల్ కొద్దిగా మాత్రం వెనక్కి లాగకండి. కొన్ని కార్బురేటర్లు పూర్తి థ్రాటిల్‌లోనే అదనపు ఇంధనం ఇస్తాయి, అది ఆగితే వేడి పెరుగుతుంది.

ఒక్క సిలిండర్ సెకన్లలో ఎగబాకితే ప్రీ-ఇగ్నిషన్ (స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకోవడం) అని అనుమానించాలి. వెంటనే పవర్ బాగా తగ్గించి, మిక్స్చర్ (ఇంధనం, గాలి మిశ్రమం) ఇంధనం ఎక్కువుండే రిచ్‌లోనే ఉంచి దిగిపోండి. నాలుగూ కలిసి వేడెక్కితే స్పార్క్ ఇచ్చే మాగ్నెటో టైమింగ్ చూడండి. ఇంజన్ డేటా ప్లేట్ మీద 25 డిగ్రీలుంటే 25 దాటకూడదు. అదీ సరిగా ఉంటేనే కింది దారి వెడల్పు చేయండి.

ప్రశ్న: మా విమానానిది రోటాక్స్ 912 ఇంజన్. ఎండాకాలం రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దమ్మా. ఉత్త నీళ్లు తొందరగా మరుగుతాయి, అల్యూమినియం హెడ్‌ను తినేస్తాయి. బోరు నీళ్లయితే లవణాలు పేరుకుని దారులు పూడుకుపోతాయి. అల్యూమినియం ఇంజన్లకు పనికొచ్చే గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. రేడియేటర్ మూత 1.2 బార్‌దేనా, దాని రబ్బరు గట్టిపడిందా అన్నది కూడా చూడండి. మూత ఒత్తిడి నిలపకపోతే మంచి కూలెంట్ కూడా ఎక్కేటప్పుడు పొంగిపోతుంది.