మీ ఇల్లు - మీ ప్రశ్న: ప్లాస్టిక్ ఆకులు వద్దు, ముందు పడమటెండ సంగతి చూడండి

ప్రశ్న: మాది భవానీపురంలో మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. హాలు, బాల్కనీ రెండూ పడమరే. ఇంట్లో కాస్త పచ్చదనం, చెక్క, రాయి అలా నేచురల్‌గా ఉండాలని నా కోరిక. ఇంటీరియర్ అతనేమో టీవీ గోడకి ప్లాస్టిక్ ఆకుల గ్రీన్ వాల్, మిగతా గోడలకి చెక్కలా కనపడే పీవీసీ ప్యానెళ్ళు అంటున్నాడు. నేను కొన్న అరేకా పామ్ రెండు నెలల్లో ఎండిపోయింది, ఇంక మొక్క అన్నమాట ఎత్తొద్దని మావారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీవారి సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు ఆ ప్లాస్టిక్ ఆకులు వద్దని చెప్పేయండమ్మా. బెజవాడ దుమ్ము తెలిసిందే కదా, నెల తిరిగేసరికి సందుసందునా పేరుకుపోతుంది, తడిగుడ్డ పట్టుకుని ఒక్కో ఆకూ తుడుస్తూ కూర్చోవాల్సింది మీరే, ఆయన రాడు.

అసలు మీ హాల్లోకి నేచర్ రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఆరింటిదాకా కూర్చుంటోంది, అదే పడమటెండ. దాని సంగతి తేల్చకుండా ఏం కొన్నా దండగే. బాల్కనీ బయటి అంచుకి వెదురు తడిక కట్టించండి, చుట్టి పైకి లాక్కునేది. లోపల కర్టెన్ కాదు, బయటే. ఎండ అద్దం దాటి వచ్చేశాక కర్టెన్ అడ్డం వేసి ఏం లాభం, వేడి అప్పటికే ఇంట్లోకొచ్చేసింది. మే నెల వడగాడ్పులప్పుడు అక్కడే వట్టివేళ్ళ తడిక వేలాడదీసి నీళ్ళు చల్లితే ఆ వాసన, ఆ చల్లదనం ఏ రూమ్ ఫ్రెషనర్‌కీ రాదు. గాలి పొడిగా ఉంటేనే నీళ్ళు ఆవిరై చల్లబడుతుంది, ఆగస్టు ఉక్కలో తడిపితే మాత్రం బూజే మిగులుతుంది, అందుకని వానలు మొదలవగానే బాగా ఆరబెట్టి అటకెక్కించేయండి.

ఇక అరేకా. ఎండిపోయింది అంటున్నారు గానీ కుండీలోంచి పీకి వేళ్ళు చూశారా? నల్లగా, మెత్తగా, కంపు కొడుతుంటే అది ఎండి చావలేదు, మునిగి చచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ తాగినట్టు మొక్కకీ గ్లాసుడు పోసేస్తాం మనం. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి, తడి తగిలితే ఆరోజు పోయక్కర్లేదు. ఈసారి స్నేక్ ప్లాంట్‌తో మొదలెట్టండి, పది రోజులు మర్చిపోయినా ఏమీ అనుకోదు, మీవారిని ఒప్పించడానికి అదే సరైన మొక్క. సీసాలో మనీ ప్లాంట్ పెడితే మాత్రం వారానికోసారి నీళ్ళు పారబోసి సీసా లోపల రుద్ది కడగాలి, లేకపోతే డెంగీ దోమకి మీరే ఇల్లు కట్టిచ్చినట్టు.

మొక్కలు పెడితే గాలి శుభ్రమైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ మాట పుట్టింది 1989లో నాసా వాళ్ళు చేసిన ప్రయోగంతో, అది చేసిందేమో మూసేసిన చిన్న పెట్టెల్లో. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, మామూలుగా ఇంట్లోకి గాలి వచ్చిపోవడం వల్ల జరిగేంత శుభ్రం జరగాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అన్ని పెడితే ఇంక మీరెక్కడ కూర్చుంటారు! కళ్ళకి బాగుంటుందని పెంచుకోండి చాలు.

పీవీసీ ప్యానెళ్ళు మానేసి ఆ డబ్బుల్లో కొంత పెట్టి మంగళగిరి చేనేత కర్టెన్లు, కొండపల్లి బొమ్మలకి ఒక టేకు అర వేయించుకోండి. ఆ తెల్లపొణికి చెక్క బొమ్మల రంగులు ఎండకి వెలుస్తాయి, అర తూర్పు గోడకి కాదు (పడమటెండ తిన్నగా పడేది దానిమీదే), పడమటి గోడకే.

ప్రశ్న: బ్రాడీపేటలో ఇల్లు కడుతున్నాం. వంటగది గట్టుకి నల్ల కడప రాయి వేద్దామని ఉంది, మచ్చలు పడతాయంటున్నారు, నిజమేనా?
- గుంటూరు

జవాబు: నిజమేనండి. కడప రాయి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే చాలు దాన్ని తినేస్తుంది. మా ఇంట్లో గట్టు మీద ఇప్పటికీ ఒక తెల్లటి గుండ్రం ఉంది, చింతపండు పులుసు గిన్నె రాత్రంతా అలాగే వదిలేస్తే పడింది, సబ్బు, నూనె, కొబ్బరి పీచు అన్నీ అయిపోయాయి, పోలేదు. ఎందుకంటే అది మరక కాదు, అక్కడ రాయి పైపొర కరిగి మెరుపు పోయింది, కడిగితే ఎలా వస్తుంది? పులుసు, నిమ్మకాయ, ఆవకాయ లేని వంట గుంటూరులో ఎక్కడుంది, అందుకే గట్టుకి గ్రానైటే వేయండి. కడప రాయి మీద మనసుంటే వీధరుగుకి వేయించుకోండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం అరుగు కడగనివ్వద్దు.

ప్రశ్న: కొత్త వెదురు సోఫా కింద రోజూ గోధుమపిండి లాంటి పొడి రాలుతోంది. చెదలా?
- విజయవాడ

జవాబు: చెదలైతే మట్టి గూళ్ళు కనపడతాయి. ఇది వెదురు తొలిచే పురుగు, గుండుసూది తలంత చిల్లులు ఉంటాయి చూడండి. వెదురులో ఉండే పిండి పదార్థం కోసం వస్తుంది, బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్ళలో నానబెట్టకుండా అమ్మేస్తే ఇదే గొడవ. ముందు సోఫాని చెక్క సామాను పక్కనుంచి జరిపి, ఆ పొడి కాగితంలో పొట్లం కట్టి అమ్మినవాళ్ళ దగ్గరికే పట్టుకెళ్ళి చూపించండి, ఆ పొట్లం ఉంటే వాళ్ళు తప్పించుకోలేరు.