కరెంటు పోయి వచ్చాక హోమ్ సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతోంది, ఒక డిస్క్ ఎర్రర్లు ఇస్తోంది. ముందు ఏం చెయ్యాలి?

మీరు రాసింది ఇదీ: నాలుగు 4 టీబీ హార్డ్ డిస్కులతో ఎండీఏడీఎం (లినక్స్ రెయిడ్ సాధనం) రెయిడ్ 5, అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కలిపిన అర్రే (డిస్కుల గుంపు), దాని మీద ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. సిస్టమ్ మాత్రం వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద, డెబియన్ లినక్స్. రాత్రి కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. పొద్దున ఆన్ చేస్తే బూట్ ఒకటిన్నర నిమిషం ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతోంది. డీమెస్గ్ (లినక్స్ కర్నెల్ సందేశాల చిట్టా) నిండా ఒకే డిస్క్ పేరు మీద ఎర్రర్లు. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే కమాండ్) కొట్టమని ఒకరు, ఎండీఏడీఎం --క్రియేట్‌తో అర్రే మళ్లీ కట్టమని ఇంకొకరు సలహా ఇచ్చారు.

ఆ రెండూ ఇప్పుడు చెయ్యకండి. రెండోది అసలే వద్దు. --క్రియేట్ కొట్టినప్పుడు పాత అర్రేలో ఉన్న డిస్కుల వరస, చంక్ సైజు (ఒక్కో డిస్క్ మీద వరసగా పెట్టే ముక్క పరిమాణం), డేటా ఆఫ్‌సెట్ (డిస్క్ మీద డేటా మొదలయ్యే చోటు) అన్నీ అచ్చంగా కుదిరితేనే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి. చంక్ సైజు డీఫాల్టు పాత వెర్షన్లలో 64 కేబీ, తర్వాతి వాటిలో 512 కేబీ. డేటా ఆఫ్‌సెట్ డీఫాల్టు కూడా వెర్షన్లతో పాటు మారింది. ఒక్కటి తప్పినా, కట్టగానే మొదలయ్యే రీసింక్ (డిస్కులను ఒకదానితో ఒకటి మళ్లీ సరిపెట్టే పని) మీ డేటా మీద తప్పు పారిటీ (పోయిన డిస్క్ డేటాను లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) రాసుకుంటూ పోతుంది. అక్కడితో బాగుచేసే దారి మూసుకుపోయినట్టే.

ఇక్కడ రెండు జబ్బులు ఒకేసారి కనిపిస్తున్నాయి, వాటిని విడదీసి చూడాలి. బూట్ ఆగడం ఒకటి, డిస్క్ ఎర్రర్లు ఇంకొకటి. మీ ఎస్‌ఎస్‌డీ బాగానే ఉంది, లేకపోతే ఎమర్జెన్సీ మోడ్ దాకా కూడా వచ్చేది కాదు. బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చెయ్యాలో (ఫోల్డర్‌కి తగిలించాలో) చెప్పే /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో అర్రే లైను ఉంది కాబట్టి బూట్‌ను నడిపే సిస్టమ్‌డీ దాని కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోయేసరికి మొత్తం బూట్‌నే ఆపేసింది. రూట్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లండి. రూట్ అకౌంట్ లాక్ అయి ఉందని చెబితే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఎస్‌ఎస్‌డీని మౌంట్ చేసుకోండి. ఎఫ్‌స్టాబ్‌లో అర్రే లైను ముందు # పెట్టి సేవ్ చెయ్యండి. మెషిన్ మామూలుగా లేస్తుంది, అర్రే మాత్రం ఉండదు. ప్రస్తుతానికి అది చాలు.

ఇప్పుడు మెషిన్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, మూత తియ్యండి. కమాండ్ల కంటే ముందు తీగల సంగతి తేలాలి. కారణం చెప్తాను.

రెయిడ్ 5లో ఒక డిస్క్ లేకపోయినా అర్రే మామూలుగా లేవాలి. మీది ఎందుకు లేవలేదంటే, కరెంటు ఉన్నట్టుండి పోయినప్పుడు రాత మధ్యలో ఉంది, అర్రే డర్టీగా (రాత పూర్తికాకుండా) మిగిలింది. పైగా ఒక డిస్క్ కనపడట్లేదు, అంటే అర్రే డిగ్రేడ్ అయింది. ఈ రెండూ కలిస్తే కర్నెల్ కావాలనే ఒప్పుకోదు. డీమెస్గ్‌లో ‘కెనాట్ స్టార్ట్ డర్టీ డిగ్రేడెడ్ అర్రే’ అనే లైను కోసం వెతకండి. పారిటీకీ డేటాకీ పొంతన ఉందో లేదో తెలియనప్పుడు, లేని డిస్కులోని సమాచారాన్ని ఆ పారిటీ నుంచి లెక్కగట్టడం ప్రమాదం, అందుకే ఆ జాగ్రత్త. కానీ ఇందులోనే మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. అర్రే స్టార్ట్ కాలేదు కాబట్టి, నాలుగో డిస్క్ లేకుండా మిగతా మూడింటి మీద కొత్తగా ఏమీ రాయబడలేదు. ఆ డిస్క్ వైరు లూజై మాయమైతే, వైరు సరిచేసి ఆన్ చెయ్యగానే నాలుగూ కలిసి అర్రే తనంతట తానే లేచి రీసింక్ మొదలుపెట్టే అవకాశం బాగా ఉంది. తొందరపడి ముందే --ఫోర్స్‌తో మూడు డిస్కుల మీద లేపేస్తే ఆ అవకాశం చెయ్యిజారుతుంది.

జబ్బు డిస్కుదా, వైరుదా? డీమెస్గ్ భాషే చెబుతుంది. లైన్లలో ‘ఐసీఆర్‌సీ’, ‘ఏబీఆర్‌టీ’ అని ఉంటే డేటా దారిలో పాడైంది, అంటే సాటా కేబులో పోర్టో. ‘యూఎన్‌సీ’ అనో ‘మీడియం ఎర్రర్’ అనో ఉంటే డిస్క్ లోపలి పళ్లెం మీద ఆ సెక్టారు చదవడం కావట్లేదు. ‘కామ్‌రీసెట్ ఫెయిల్డ్’, ‘లింక్ డౌన్’ అని ఉంటే ముందు పవర్‌ను అనుమానించండి. ఆ తర్వాత స్మార్ట్‌సీటీఎల్ -ఏ (డిస్క్ ఆరోగ్యం చూపే కమాండ్) కొట్టి ఈ ఐదు నంబర్ల దగ్గర చివరి కాలమ్, అంటే రా వాల్యూ, చూడండి:

5 – రీఅలొకేటెడ్ సెక్టార్లు
187 – రిపోర్టెడ్ అన్‌కరెక్టబుల్
197 – కరెంట్ పెండింగ్ సెక్టార్లు
198 – ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్
199 – యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు

199 ఒక్కటే పెరిగి మిగతావి సున్నా అయితే డిస్క్ ఆరోగ్యంగా ఉన్నట్టే, కేబుల్ మార్చండి. ఈ లెక్క ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక కూడా 312 అని ఉంటే 312గానే ఉంటుంది, చాలామంది అది చూసి మంచి డిస్కును పారేస్తారు. మార్చకముందు నంబరు రాసిపెట్టుకోండి. మార్చాక డీడీ అనే కాపీ కమాండ్‌తో ఓ 50 జీబీ చదివించి, ఏదీ దాచుకోని /డెవ్/నల్‌లోకి పంపండి. ఇక్కడ ఇఫ్= (చదివే చోటు) దగ్గర డిస్క్, ఆఫ్= (రాసే చోటు) దగ్గర నల్ ఉండాలి, తిరగబడితే డిస్క్ మీద రాస్తుంది. ఎంటర్ కొట్టేముందు రెండుసార్లు చదవండి. నంబరు కదలకపోతే పని అయిపోయింది.

197 సున్నా కాకపోతే కొన్ని సెక్టార్లు చదవబడటం లేదని అర్థం. వాటి మీద మళ్లీ రాసినప్పుడే డిస్క్ వాటిని సరిచేసుకోవడమో, 5లోకి మార్చడమో చేస్తుంది. ఒకటీ రెండూ ఉండి అక్కడే ఆగితే కంగారు లేదు. రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్ వెళ్లిపోతున్నట్టు. సీగేట్ డిస్కుల్లో 1, 7 నంబర్ల దగ్గర కోట్లలో అంకెలు కనిపిస్తాయి, అవి చూసి భయపడొద్దు. ఆ అంకెలో ఎర్రర్ల లెక్క, మొత్తం ఆపరేషన్ల లెక్క రెండూ కలిపి పెడతారు.

డిస్కును గుర్తుపట్టడానికి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లు నమ్మొద్దు, రీబూట్‌కి మారిపోతాయి. సీరియల్ నంబరు చూడండి, స్మార్ట్‌సీటీఎల్ చూపించేదీ డిస్క్ స్టిక్కర్ మీద ఉన్నదీ ఒకటే. చివరి నాలుగక్షరాలు చిన్న చీటీ మీద రాసి, బే ముందు అంటించుకుంటే ఈ గొడవ ఎప్పటికీ ఉండదు. డిగ్రేడ్ అయిన అర్రే నుంచి మంచి డిస్క్ పీకేసి మొత్తం పోగొట్టుకోవడం అరుదేం కాదు.

పవర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, కరెంటు పోయి రావడంతో మొదలైన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద దగ్గర దగ్గర 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే ఆ ఒక్క లైను మీదే 96 వాట్లు. తిరుగుతున్నప్పుడు అంత అవసరం ఉండదు కాబట్టి, కెపాసిటర్లు నీరసించిన పాత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) రోజంతా బాగానే నడిపించి, ఆన్ చేసే క్షణంలో మాత్రం ఒక డిస్కును లేపలేకపోతుంది. మల్టీమీటర్ ఉంటే ఖాళీగా ఉన్న మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు తీగల మధ్య పెట్టి ఆన్ చెయ్యండి. 11.4 కంటే కిందికి పడితే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. 12.6 కంటే పైకి పోయినా మార్చాల్సిందే. మీటర్ నెమ్మదిగా చూపిస్తుంది, రెప్పపాటు పడిపోవడాన్ని పట్టుకోదు. అందుకని రీడింగ్ బాగున్నా అనుమానం మిగిలితే, వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటమే అసలు పరీక్ష.

ఒక మోలెక్స్ నుంచి రెండు సాటా పవర్ ప్లగ్గులు తీసే అడాప్టర్ వాడుతుంటే అది బయటికి తీసి చూడండి. ప్లాస్టిక్ పోతపోసి తీగలను లోపలే కప్పేసిన రకం అయితే పారేయండి. లోపల తీగలు దగ్గర పడి వేడెక్కుతాయి, అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. ప్లగ్ మూల గోధుమ రంగులోకి తిరిగినా, కాలిన వాసన వచ్చినా దాన్ని మళ్లీ పెట్టొద్దు. వెనకాల మూత తెరుచుకుని ఒక్కో తీగ విడిగా కనిపించే రకం తీసుకోండి.

సాటా కేబుల్ లాచ్ ఉన్నదే కొనండి. బిగించాక వంపు దగ్గర ఒత్తిడి పడకుండా చూడండి. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి కాంటాక్టులు మసకబారతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం గుడ్డ మీద వేసి తుడిచి, ఆరాక పెట్టండి.

ఇవన్నీ అయ్యాక ఆన్ చేసి, అర్రే స్థితి చూపే /ప్రాక్/ఎండీస్టాట్ చూడండి. అర్రే లేచి రీసింక్ నడుస్తుంటే వదిలెయ్యండి. 4 టీబీకి సెకనుకు సగటున 150 ఎంబీ వేసుకుంటే ఏడున్నర గంటలు.

ఇనాక్టివ్ అని, డిస్కుల పక్కన (ఎస్) అని ఉంటే, నాలుగింటి మీదా ఎండీఏడీఎం --ఎగ్జామిన్ కొట్టి అవుట్‌పుట్ ఫైల్లో దాచండి. ఈవెంట్స్ అంకె (అర్రే స్థితి మారినప్పుడల్లా పెరిగే లెక్క), అప్‌డేట్ టైమ్ పోల్చండి. నాలుగూ ఒకటే, లేదా చాలా దగ్గరగా ఉంటే మంచిది. ఒక డిస్క్ అప్‌డేట్ టైమ్ నెల కిందటిదైతే, అది అప్పుడే జారిపోయింది, మెయిల్ అలర్ట్ లేక మీకు తెలియలేదు. ఆ పాత డిస్కును అర్రేలో కలపకూడదు, అందులో ఉన్నది నెల కిందటి డేటా. మిగతా మూడే మీకు ఆధారం. --స్టాప్ చేసి, ఆ మూడింటి పేర్లు మాత్రమే ఇచ్చి --అసెంబుల్ --ఫోర్స్.

ఆ మూడింట్లో దేనికైనా 197 పెరుగుతుంటే ఇంకా ఆగండి. ముందు దాన్ని కొత్త డిస్క్ మీదికి, పాడవుతున్న డిస్కులను కాపీ చేసే డీడీరెస్క్యూతో దించండి. డెబియన్‌లో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మొదటి విడత -ఎఫ్ -ఎన్, తేలిగ్గా వచ్చేదంతా వచ్చేస్తుంది. రెండో విడత -ఎఫ్ -డీ -ఆర్3, మొండి సెక్టార్ల కోసం. ముందు పాత డిస్క్, తర్వాత కొత్త డిస్క్, చివర మ్యాప్ ఫైలు. ఆ మ్యాప్ ఫైలు ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి, మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగుతుంది. తర్వాత పాతదాన్ని తీసి పక్కన పెట్టి, కాపీతో అసెంబుల్ చెయ్యండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కుతో రీబిల్డ్ చేయించడమంటే దాన్ని గంటల తరబడి పూర్తిగా చదివించడమే, చాలావరకు అక్కడే ప్రాణం పోతుంది.

అర్రే లేచాక మౌంట్ చేసేటప్పుడు ఆర్ఓ,నోలోడ్ అని ఇవ్వండి (ఆర్ఓ అంటే చదవడం మాత్రమే). ఆర్ఓ ఒక్కటే ఇస్తే ఈఎక్స్‌టీ4 జర్నల్‌ను (పూర్తికాని రాతల చిట్టాను) రీప్లే చేస్తుంది, అంటే రాస్తుంది. ఫోటోలు, కాగితాలు, మళ్లీ దొరకనివి ముందు వేరే డిస్క్ మీదికి కాపీ చేసుకోండి. ఆ తర్వాత అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే -ఎన్. అది ఏమీ మార్చదు, ఏముందో చెప్తుంది. నాలుగైదు ఆర్ఫన్ ఐనోడ్లు (ఏ ఫోల్డర్‌లోనూ పేరు లేకుండా మిగిలిన ఫైళ్లు) అయితే మామూలు ఎఫ్‌ఎస్‌సీకే కొట్టొచ్చు. వేల లైన్లు వస్తే అర్రే తప్పుగా కలిసిందని అనుమానించి ఆగాలి.

కొత్త డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ (రాత ట్రాకులు విడివిడిగా ఉండే) రకమో, ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కే) రకమో చూసుకోండి, సీఎంఆర్ తీసుకోండి. డబ్ల్యూడీ రెడ్ 2 నుంచి 6 టీబీ ఈఎఫ్‌ఏఎక్స్ మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది. ఎస్‌ఎంఆర్ డిస్క్ రీబిల్డ్‌లో నత్తలా నడుస్తుంది, ఒక్కోసారి జవాబివ్వక అర్రే నుంచి బయటపడుతుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో చిక్కు. చదవలేని సెక్టారు తగిలితే నిమిషం పైగా దాంతోనే కుస్తీపడతాయి, కర్నెల్ మాత్రం 30 సెకన్లకే డిస్క్ పోయిందనుకుంటుంది. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 అంటే 7 సెకన్లలో వదిలేస్తుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే చాలా డిస్కులు దీన్ని మరిచిపోతాయి, బూట్ స్క్రిప్టులో పెట్టండి. ఆ సౌకర్యమే లేని డిస్కుకి /సిస్/బ్లాక్ కింద దాని డివైస్/టైమవుట్ ఫైల్లో 180 రాయండి.

చివరగా ఎఫ్‌స్టాబ్ లైను ముందున్న # తీసి, ఆప్షన్లలో నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమవుట్=10ఎస్ చేర్చండి. ఈసారి అర్రే రాకపోయినా మెషిన్ లేస్తుంది. దీంతో ఒక ప్రమాదం ఉంది: అర్రే లేనప్పుడు బ్యాకప్, డౌన్‌లోడ్ ప్రోగ్రాములు ఆ ఖాళీ ఫోల్డర్లో రాసి ఎస్‌ఎస్‌డీని నింపేస్తాయి. మౌంట్ కానప్పుడు ఆ ఫోల్డర్ మీద సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ కొట్టి ఉంచండి, ఎవరూ రాయలేరు.

ఇంకోసారి బయోస్ దాటకపోయినా, గ్రబ్ (బూట్ మెనూ) కూడా రాకపోయినా డిస్కుల జోలికి పోకముందు గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కరెంటు పూర్తిగా పోగానే సెట్టింగులన్నీ డీఫాల్టుకి వెళ్లాయి. బ్యాటరీ మార్చి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, బూట్ పద్ధతి ఇన్‌స్టాల్ చేసినప్పటిలాగే యూఈఎఫ్‌ఐ అయితే యూఈఎఫ్‌ఐ, బూట్ వరసలో ఎస్‌ఎస్‌డీ మొదట పెట్టండి. యూఈఎఫ్‌ఐ లిస్టులో డెబియన్ పేరే కనిపించకపోతే లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్ అయి (ఎస్‌ఎస్‌డీ మీది సిస్టమ్‌లోకి దిగి) గ్రబ్-ఇన్‌స్టాల్ --ఫోర్స్-ఎక్స్‌ట్రా-రిమూవబుల్ కొట్టండి. ఆ తర్వాత బయోస్ మళ్లీ మరిచిపోయినా దారి దొరుకుతుంది.

ఇంటి ఇన్వర్టర్ మీద సర్వర్ నడుపుతుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, మామూలు మోడ్‌లో మారే లోపే మెషిన్ రీస్టార్ట్ అవుతుంది. అన్నిటికంటే మేలు, యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ తీసుకుని నట్ (యూపీఎస్‌ను గమనించే ప్రోగ్రామ్) పెట్టడం. బ్యాటరీ తగ్గగానే అదే సర్వర్‌ను పద్ధతిగా ఆపేస్తుంది.

వైర్లు సరిచేశాక కూడా అర్రే లేవకపోతే, నాలుగు డిస్కుల --ఎగ్జామిన్ అవుట్‌పుట్, ఆ ఎర్రర్ల డిస్క్ స్మార్ట్ పట్టిక ఇక్కడ పెట్టండి. పైన చెప్పిన పాత డిస్క్ సంగతి తేలితే తప్ప, --ఫోర్స్ మాత్రం అప్పటిదాకా కొట్టకండి.