వసారాలో నిలబడి డబ్బులివ్వకు

చిన్నీ,

నీకు ఇటలీలో, నేను వెళ్లిన బొలోన్యాలోనే సీటొచ్చిందని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. కాసేపు సంతోషంతో నిద్ర పట్టలేదు, ఆ తర్వాత టెన్షన్‌తో పట్టలేదు.

సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో. దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు ఇచ్చెయ్. పచ్చళ్ల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది.

గది సంగతి మాత్రం నేను చెప్తా, విను.

ఊరి నడిబొడ్డున సాన్ పెత్రోనియో చర్చి పక్కనే ఆర్కిజిన్నాసియో అని పాత భవనం ఉంది. వీధి వైపు 30 ఆర్చీల వసారా, 139 మీటర్ల పొడవు. ఊళ్లో తలోచోట నడిచే క్లాసుల్ని ఒక్క కప్పు కిందికి తేవడానికి 1563లో కట్టారు. ఆ చర్చి ఇంకా పెద్దది కాకుండా పోప్ అడ్డం కట్టించాడని కూడా అంటారులే. 1803 దాకా యూనివర్సిటీ అక్కడే. నీ క్లాసులు అక్కడనుకుని పరిగెత్తకు, ఇప్పుడది లైబ్రరీ.

నేను మోసపోయింది ఆ ఆర్చీల కిందే. వెళ్లిన మూడో రోజు, జోరువాన. అద్దెకు గది ఉందని ఒకతను అక్కడికి రమ్మన్నాడు. మీ అమ్మగారు బెంగపడుతున్నారా అని అడిగాడు. అంతే, కరిగిపోయాను. గది చూడలేదు, కాగితం రాయించుకోలేదు, మూడు నెలల అద్దె లెక్కపెట్టి చేతిలో పోశాను. ఎర్ర దారం కట్టిన ఇత్తడి తాళంచెవి ఇచ్చాడు. సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఆ అడ్రసుకి పోతే అది వీధి తలుపు కన్నంలోకే దూరలేదు. తిప్పి పెట్టాను, తడి చున్నీతో తుడిచి మళ్లీ పెట్టాను. లోపలినుంచి ఒక ముసలావిడ తలుపు తీసి, నా చేతిలో తాళంచెవిని చూసి, నెత్తి కొట్టుకుంది.

అతనింకా అక్కడే ఉంటాడని మళ్లీ వసారాకి వెళ్లాను చూడు, అదీ నా తెలివి! భవనం తలుపు తీసుంటే లోపలి ప్రాంగణంలో కూలబడ్డాను. గోడల నిండా, కమానుల నిండా రంగురంగుల డాళ్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకున్న పిల్లల కుటుంబ చిహ్నాలు, వేలల్లో ఉన్నాయి. వీళ్లనీ ఎవడో ఒకడు అద్దె గది పేరు చెప్పి ముంచే ఉంటాడనుకున్నాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

పైన శవాల్ని కోసి వైద్యం నేర్పిన 1637 నాటి చెక్క హాలుంది. పంతులుగారి పీఠం పైకప్పుని చర్మం ఒలిచిన రెండు చెక్క బొమ్మలు మోస్తుంటాయి. 1944 జనవరిలో బాంబులు పడి నేలమట్టమైతే, శిథిలాల్లో దొరికిన చెక్కలు ఏరి మళ్లీ నిలబెట్టారు. టికెట్ కొనైనా చూడు.

గది చూడందే పైసా కదపకు. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాకే, బ్యాంకు ద్వారానే పంపు. అది రిజిస్టర్ చేయించారో లేదో అడుగు. మొహమాటపడ్డావో, చంపేస్తాను.

గది బాగుందా అమ్మా అని మీ తాతయ్య ప్రతి ఆదివారం అడిగేవారు. బాగుంది నాన్నా అనేదాన్ని, ఎవరింట్లోనో సోఫా మీద పడుకుని. చివరిదాకా ఆయనకి చెప్పనేలేదు. నువ్వలా చెయ్యకే పిచ్చిదానా. ఏం జరిగినా ఆ రాత్రే ఫోన్ చెయ్. ముందు తిడతాను, తిట్టించుకో. తెల్లారేసరికి డబ్బు పంపిస్తాను.

మీ అత్తయ్య