ఫోన్ టెస్టులో 82 వచ్చింది, మా బాబుకు జబ్బా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు 15 ఏళ్లు, పదో తరగతి. బత్తాయి అమ్మిన డబ్బుల్లో 6 వేలు నా ఫోన్‌లో ఆటకు పెట్టేశాడు. దోస్తుల బండి మీద సాగర్ పోయొచ్చాడు. అడిగితే ‘అప్పుడేం తోచలేదు’ అంటాడు. వాళ్ల నాన్న చెయ్యి చేసుకుంటున్నారు. మా బావగారి అబ్బాయి పక్కన కూర్చోబెట్టుకుని 30 ప్రశ్నల టెస్టు పెడితే 82 వచ్చింది, చాలా ఎక్కువట. తోటలో డ్రిప్ పైపులు మాత్రం పూటంతా కూర్చుని ఓపికగా బాగుచేస్తాడు. హైదరాబాద్ తీసుకెళ్లాలా?

జవాబు: అమ్మా, ముందు ఆ 82 సంగతి తేల్చుకుందాం. మీరు చెప్పింది తొందరపాటు ఎంతుందో చూసే బారట్ ప్రశ్నావళిలా ఉంది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 4 మార్కులు, మొత్తం 30 నుంచి 120 దాకా వస్తాయి. అది పిల్లవాడు తన గురించి తాను చెప్పుకునేది. దెబ్బలు తిన్న పిల్లవాడు, అన్న పక్కనే చూస్తుంటే, ఇంట్లో అందరూ తనను ఏమంటున్నారో అదే రాస్తాడు. ఆ అంకెతో జబ్బు ఉందని ఏ డాక్టరూ చెప్పరు.

ఇంకో రకం పరీక్ష కంప్యూటర్ మీద చేస్తారు. బాణం ఎటు చూపిస్తే అటు మీట నొక్కాలి. మధ్యమధ్యలో బీప్ వినిపిస్తే చేయి ఆపుకోవాలి. ఆపుకోవడానికి ఎంతసేపు పట్టిందో మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. 1984లో లోగన్, కోవన్ అనే పరిశోధకులు దీని లెక్క చెప్పారు. అయితే ఇందులో వచ్చే ఫలితానికీ ప్రశ్నావళి మార్కులకూ పెద్దగా పొంతన ఉండదు. బీపీలాగా ఒక్క అంకెలో తేలే విషయం కాదిది.

మీ ఉత్తరంలోనే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చిన మాట ఉంది. మూసుకుపోయిన డ్రిప్పర్లను ఒక్కొక్కటీ విప్పి, కడిగి, మళ్లీ బిగించడం తొందరపాటు మనిషి వల్ల అయ్యే పని కాదు. అంటే నిలకడ వాడిలో ఉంది, కొన్నిచోట్ల తప్పుతోంది. ఎక్కడ తప్పుతోందో చూడాలి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే ఆట ఆడించి చూశారు. 13–16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటి కంటే దోస్తులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ ప్రమాదానికి తెగించారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. సాగర్ ప్రయాణం నాకు అలాంటిదే అనిపిస్తోంది. ఆట డబ్బులప్పుడు కూడా పక్కన ఎవరైనా ఉన్నారా? కోపం లేని పూట అడగండి.

రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. తప్పు జరిగిన రోజు టైము, ఎవరున్నారు, నిద్ర పోయాడా, అంతకు ముందు ఇంట్లో ఏమైంది, ఇంతే రాయండి. ఆగగలిగిన రోజులు కూడా తప్పక రాయండి. ఫోన్ పే పిన్ ఈ రాత్రే మార్చేయండి. 6 వేలకు బదులు తోట పని ఎంత చేయాలో వాడితోనే కూర్చుని మాట్లాడుకోండి.

వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి: కొడితే తొందరపాటు తగ్గదు, దాచిపెట్టడం పెరుగుతుంది. ఆయన గట్టిగా ఉండాల్సింది బండి విషయంలో. 18 నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే, 2019 చట్ట సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. ఆ దోస్తు ఇంటివాళ్లకూ ఈ మాట చేరాలి.

12 ఏళ్లలోపు నుంచే, ఇంట్లోనూ బడిలోనూ కుదురు లేకుండా ఉన్నాడా? అయితే ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) ఉందేమో మానసిక వైద్యులకు చూపించాలి. అందుకు హైదరాబాదే పోనక్కర్లేదు, ముందు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోతానన్నా, ఒంటికి గాయం చేసుకున్నా, మందు, గంజాయి జాడ కనిపించినా నోటుబుక్కు నిండేదాకా ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి.