టెక్ సందేహాలు: యెన్లు పంపితే రూపాయలు తక్కువెందుకు పడ్డాయి?

ఈ వారం జపాన్ నుంచే మూడు ప్రశ్నలొచ్చాయి, మూడూ ఇంటికి డబ్బులు పంపడం గురించే. ఫోన్ బ్యాటరీ ఉబ్బిందని రాసినవాళ్లు వచ్చే వారం దాకా ఆగండి, ఈలోపు దాన్ని ఛార్జింగ్‌లో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటా. బ్యాంక్ నెట్‌బ్యాంకింగ్‌లోంచి రాజమండ్రిలో నాన్న ఖాతాకి 3 లక్షల యెన్ డాలర్లలో పంపా. గూగుల్ రేటుతో లెక్కేస్తే, ఫీజు తీసేసినా, చాలా తక్కువ పడింది. ఎవరు తిన్నారన్నా?

జవాబు: ఒక్కడు కాదు తమ్ముడూ, దారిలో ఉన్నవాళ్లంతా తలా ఒక ముద్ద తిన్నారు. గూగుల్‌లో కనిపించేది మధ్య రేటు, అంటే కొనే రేటుకీ అమ్మే రేటుకీ నడుమది, బ్యాంక్ నీకు డాలర్లు అమ్మేది టీటీఎస్ అనే రేటుకి, పెద్ద బ్యాంకుల్లో డాలర్‌కి మామూలుగా మధ్య రేటు మీద 1 యెన్ ఎక్కువ. మధ్య రేటు 150 అనుకుందాం, 151కి కొంటే 3 లక్షల్లో ఇక్కడే దాదాపు 2,000 యెన్ పోయింది, ఇది ఫీజు అని ఎక్కడా రాయరు కాబట్టి నీకు కనపడదు. తర్వాత స్విఫ్ట్ (దేశాల మధ్య బ్యాంకులు వాడే నెట్‌వర్క్) దారిలో మధ్యలో ఇంకో బ్యాంక్ ఉంటే అదీ కొన్ని డాలర్లు గిల్లుకుంటుంది, చివర్లో మీ నాన్న బ్యాంక్ ఆ డాలర్లని తన రేటుకి రూపాయలు చేసి పైన జీఎస్టీ వేస్తుంది. పోనీ యెన్లలోనే పంపుదాం అంటే, కరెన్సీ మార్చకుండా పంపినందుకు లిఫ్టింగ్ ఛార్జ్ అని ఇంకోటి.

డబ్బులు పంపే వైజ్ లాంటి యాప్‌లు మధ్య రేటుకే మార్చి ఫీజు విడిగా చూపిస్తాయి, నెలనెలా ఇంటి ఖర్చులకి నా ఓటు వాటికే. అయితే ఏ యాప్ అయినా ఫీజు ఎంత అని చూడొద్దు, నాన్న చేతికి ఎన్ని రూపాయలు అనే ఒక్క అంకె చూడు. 10 లక్షల యెన్ దాటితే టాక్స్ ఆఫీసుకి రిపోర్ట్ వెళ్తుందని ముక్కలు చేసి పంపేవాళ్లున్నారు, అది పన్ను కాదు, రిపోర్ట్ అంతే, ముక్కలు చేస్తేనే లేనిపోని అనుమానం.

ప్రశ్న: డబ్బులు పంపే యాప్‌కి బ్యాంక్ నుంచి ఫురికొమి (ఖాతా నుంచి ఖాతాకి బదిలీ) చేస్తే పేరు కలవలేదని వెనక్కి కొట్టారు. ఇంకోసారి ట్రై చేస్తే పేరు బాక్సులో ఏం టైప్ చేసినా ఎర్రర్. నా పేరు వెంకటతో మొదలవుతుంది.

జవాబు: మన పేర్లకి జపాన్‌లో పట్టే శని ఇదే. ఆ బాక్సుకి కావాల్సింది హన్‌కకు కటకన, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి కటకనలో సగం వెడల్పు అక్షరాలు, నువ్వు కొట్టింది మామూలు కటకన అయ్యుంటుంది. పైగా బ్యాంకుల మధ్య నడిచే జెన్‌గిన్ సిస్టమ్‌లో చిన్న సైజు కటకన అక్షరాలు ఉండవు, 'వె' రాయడానికి వాడే చిన్న 'ఎ' అక్కడ పెద్దదైపోతుంది, 'వ'కి పెట్టే రెండు చుక్కలు కూడా విడిగా ఒక అక్షరం కిందే లెక్క. ఇంకొన్ని చోట్ల వెంకట కాస్తా బెంకట అయిపోతాడు! ఇంటిపేరు, రెండు దేవుళ్ల పేర్లు, తాతగారి పేరు అన్నీ కలిపితే పేరు గడి నిండిపోయి తోక తెగుతుంది, నా పాస్‌బుక్‌లో కృష్ణ సగంలోనే ఆగిపోయాడు.

కాబట్టి పాస్‌పోర్ట్ చూసి టైప్ చేయకు. బ్యాంక్ యాప్‌లో ఖాతా వివరాల్లో పేరు ఎలా ఉందో అలాగే కాపీ చేసి పెట్టు. విండోస్‌లో జపనీస్ కీబోర్డ్ ఉంటే హిరగానలో (జపనీస్ మామూలు లిపి) కొట్టి ఎఫ్8 నొక్కితే సగం వెడల్పు వచ్చేస్తుంది. యాప్ వాళ్లు మెంబర్ నంబర్ ఇస్తే పేరుకి ముందు అదీ పెట్టాలి, చాలామంది మర్చిపోయేది దాన్నే.

ప్రశ్న: డబ్బులు పంపే యాప్ నేనెవరో నిర్ధారించుకోడానికి మై నంబర్ కార్డు (జపాన్ గుర్తింపు కార్డు) అడుగుతోంది, ఇండియాలో కొన్న ఫోన్ దాని చిప్ చదవట్లేదు. పాస్‌వర్డ్ కూడా తప్పంటోంది.

జవాబు: సెట్టింగ్స్‌లో ఎన్ఎఫ్‌సీ (దగ్గర పెడితే చిప్ చదివే సదుపాయం) అని వెతకండి, అసలు లేకపోతే ఎంత రుద్దినా చదవదు, మన దగ్గర అమ్మే చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు. ఉంటే కవర్ తీసి ప్రయత్నించండి. కార్డుకి రెండు రకాల పాస్‌వర్డ్‌లుంటాయి, డిజిటల్ సంతకం పాస్‌వర్డ్ 4 అంకెలది కాదు, 6 నుంచి 16 దాకా ఉండే పెద్ద అక్షరాలు, అంకెలు. 5 సార్లు తప్పితే లాక్, 4 అంకెలదైతే 3 సార్లకే. ఇప్పటికే రెండుసార్లు తప్పారంటే ఇక ఊహించి కొట్టకండి, వార్డ్ ఆఫీసులో ఇచ్చిన కాగితం వెతకండి.